బావ తిన్న బెల్లం

ఈ సంగతి రాసిపెట్టక తప్పదనిపించింది. మేం ఒకప్పుడు పనిచేసిన వెల్డింగ్ షాపు ముందునుంచి నిన్న వస్తుంటే, కొత్త ఓనరు కూడా పనివాళ్ళకి బెల్లం ముక్కలు పంచుతున్నాడు. జీఐ పైపు వెల్డింగ్ చేసినవాడు బెల్లం తింటే పొగ కడుక్కుపోతుందని మావైపు నమ్మకం.

మా అక్క భర్తా నేనూ అక్కడే ఏళ్ళ తరబడి చేశాం. వినుకొండ నుంచి వచ్చిన రైతు కూడా "ఆయన చేత్తోనే చేయించండి" అని బావనే చూపించేవాడు. బావ వేసిన అతుకు చీరంచులా తీరుగా ఉండేది. నాది గొంగళిపురుగు. జీఐ పనంతా ఆయనకే, బెల్లమూ ఆయనకే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. నాకు ఒళ్ళు మండేది. నాకున్నదల్లా మా ఊరి గ్రంథాలయం, అక్కడ చదువుకున్న నాలుగు ముక్కలు. జీఐ పైపు మీది జింకు పూత కాలితే లేచే తెల్లపొగ వల్లే సాయంత్రానికి చలిజ్వరం తగులుతుందనీ, ఏళ్ళపాటు వెల్డింగ్ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయనీ చదివి, షాపులో అందరిముందూ చెప్పాను.

"బెల్లం పోయేది కడుపులోకి బావా, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి."

బావ నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, "ఏరా, నీకు రాలేదని కుళ్ళా? ఇదిగో, సగం తీసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. బెల్లం మంచి రకం, తినేశాను. అక్క కూడా, "ఆయన్ని చూసి ఏడవకుండా ఒక్క మాటన్నా చెప్పలేవంట్రా?" అంది. నేను చెప్పింది నిజం, నా కుళ్ళూ నిజం. వాళ్ళకి రెండోదే వినపడింది.

బావకి దగ్గు ముదిరాక గుంటూరు తీసుకెళ్తే, డాక్టరు ఎక్స్‌రే చూసి నా మాటే ఒక్క నిమిషంలో చెప్పాడు. పోయిన ఊపిరి తిరిగి రాదన్నాడు. బావ బుద్ధిగా తలూపాడు. ఆ డాక్టరు మీద కూడా కుళ్ళుకున్నాను.

మొన్న ఆదివారం మొదటి చరణంలోనే బావకి ఊపిరి అందలేదు. కూర్చుని, నన్ను ఎత్తుకోమని సైగ చేశాడు. ఎన్నేళ్ళుగానో నేను ఆశపడ్డ చోటు. పాడాను. పక్కన ఆయన పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి. జనం మాత్రం ఆయనవైపే చూస్తున్నారు.

పుస్తకాలు వెదికిచ్చిన లైబ్రేరియన్ గారికీ, రాయమని కూర్చోబెట్టిన అక్కకీ, "నా సంగతేం దాచకురా" అన్న బావకీ కృతజ్ఞతలు. కాలం ఆయన చోటు నాకిచ్చింది. ఆయన గొంతు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనతోనే పట్టుకుపోతోంది.