ఫ్రిజ్‌లో పైన్ గింజలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన చలల్లా ఆఫీసు ఏసీ చలే. చదువైన కొత్తలో సింగపూరు వచ్చి, కెనడా వాళ్ళకి ఇంటర్నెట్‌లో మొక్కలమ్మే ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడి నేలలో పుట్టిన పైన్ చెట్లలో ఏది పెరట్లో నాటుకుంటే మంచిదో పోల్చి రాయడం నా మొదటి పని. తెల్ల పైన్ తొందరగా ఎదుగుతుంది కానీ, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి పడదు. ఎర్ర పైన్‌కి నీళ్ళు నిలవని ఇసుక నేల కావాలి. జాక్ పైన్ వంకరటింకరగా పెరిగినా ఎముకలు కొరికే చలికి కూడా తట్టుకుంటుంది. (నేను అప్పటికి చూసిన మంచు ఫ్రీజర్‌లో పేరుకున్నదే.) మేనేజరు చదివి, సింగపూరు యాసలో, "అన్నీ కరెక్టే లా. కానీ చదువుతుంటే చలి వెయ్యట్లేదు" అన్నాడు.

దాంతో నాకు పౌరుషం వచ్చింది. తెల్ల పైన్ గింజ మొలకెత్తాలంటే ముందు కొన్ని వారాలు తడిగా, చల్లగా ఉండాలని చదివి, ఆఫీసుకి శాంపిల్‌గా వచ్చిన గింజల్ని తడిగుడ్డలో చుట్టి, టోవా పాయోలో నేను అద్దెకున్న ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇల్లు ఒక తెలుగు ఆంటీది. పుట్టి పెరిగింది ఇక్కడే, ఒంటరి మనిషి. "వచ్చానాంటీ", "సరేమ్మా" తప్ప మా మధ్య మాటలుండేవి కావు. ఆవిడ గదిలో టీవీ, నా గదిలో ఫ్యాను. శనాదివారాలు నోరు తెరవాల్సిన పనే పడేది కాదు. అందుకని నీళ్ళసీసా వంకతో వెళ్ళి గింజల్ని పలకరించేదాన్ని. "చలేస్తోందా? నాకిక్కడ ఉక్కపోస్తోంది. మీరే నయం. ఎప్పుడు మొలకెత్తుతారు?"

ఒకరోజు సాయంత్రం వెళ్ళి చూస్తే మూట లేదు. ఆంటీ వంటింటి బల్ల దగ్గర కూర్చునుంది, ముందు రెండు గిన్నెలు.

"ఆ గింజలు చెడిపోయినాయమ్మా, పారేసినాను. ఇన్నాళ్ళు ఫ్రిజ్‌లో పెడితే మొలకలెట్లా వస్తాయి? రోజూ పాపం వాటిని అడుగుతావుంటివి, విన్నాను. అందుకే పెసలు నానబెట్టి మొలకలు కట్టినాను. నిమ్మకాయ పిండినాను, తిను."

అవి కెనడా చెట్లని చెప్పబోయాను. ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి ఇంకో నిమ్మచెక్క పిండింది. ఆ పూట ఇద్దరం మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఆవిడ టీవీ పెట్టలేదు.

నా వ్యాసం చలి లేకుండానే అచ్చయింది. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లని, తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. గోడ అవతల తెలుగొచ్చిన మనిషిని పెట్టుకుని, అన్నాళ్ళు గింజలతో మాట్లాడింది.