గాజుల కింద గీత

రామసముద్రం పక్క పల్లెల్లో పట్టుపురుగులు మేపే ఇళ్ళన్నిటికీ వసంతమ్మ చెయ్యి తెలుసు. కొత్తగా తెచ్చిన పిల్లపురుగులను ఆకు మీదికి దించే రోజున "అక్కా, నువ్వొచ్చి ఒక్క పిడికెడు ఆకు చల్లిపో" అని ఆమెను పిలుచుకుపోయేవారు. నలభై ఏడేళ్ళ మనిషి. ఏ పనిలో ఉన్నా చేతులకు అరడజను చొప్పున ఆకుపచ్చ మట్టిగాజులు ఉండాల్సిందే. ఇరవై ఏళ్ళుగా మేపుతున్నా ఒక్క పురుగునైనా నలిపిన చెయ్యి కాదని పేరు. ఎవరైనా ఆ మాట అంటే, "నా చేతిలో ఏముండాది, అంతా గంగమ్మ తల్లిది" అని నవ్వేసేది.

ఆ కుడిచేతికే ఒక సోమవారం పొద్దున మల్బరీ కొయ్య దిగింది.

ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే తడినేల మీద కాలు జారింది. పడుతూ పడుతూ చెయ్యి ఆనించింది. కత్తిరించిన మల్బరీ మొదలు ఏటవాలుగా, మొనతేలి నిలబడి ఉంటుంది కదా, అది బొటనవేలి మొదట్లో దిగబడింది. పళ్ళు బిగబట్టి లాగేసుకుంది. శనగగింజంత బొక్క. రక్తం కూడా పెద్దగా రాలేదు. బాగా కారి ఉంటే ఆ రోజే భయపడి ఎవరికో ఒకరికి చూపించేదేమో. బోరు నీళ్ళ కింద కడిగి, పాతచీర పేలిక చుట్టి, చెదిరిన ఆకు ఏరుకుని లేచింది.

ఆమె తొందర ఆమెది. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకునే దినాలను ఆ పక్క జ్వరమంటారు. నాలుగోది దాటాక ఇక ఆకలే ఆకలి. అయిదారు దినాలు పగలూ రాత్రీ తిని, పండి, గూళ్ళు కడతాయి. ఆ దినాల్లో వాటి దగ్గరికి ఏ వాసనా పోకూడదని వసంతమ్మ పట్టు. కిందటి పంటలో చుట్టం ఒకాయన ఒంటికి దోమల మందు రాసుకుని షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు. అందువల్లనో, మరి దేనివల్లనో, మూడో రోజుకు పురుగులన్నీ నీరుగారిపోయాయి. తట్టలకెత్తి గుంతలో పూడ్చిన నాడు ఆమె అన్నం ముట్టలేదు.

అందుకే ఈసారి షెడ్డు గడపకు అడ్డంగా తెల్లగా సున్నప్పొడి చల్లింది. ఏ వాసనతోనూ దాన్ని ఎవరూ దాటకూడదు. ఊరు కూడా ఆమె మనసెరిగి నడుచుకుంది. ఎదురింటివాళ్ళు మిరపకాయల తాళింపు పెడితే తలుపు మూసుకునేవారు. పని చెయ్యడానికి వచ్చే మారెమ్మ తలకు నూనె రాసుకోవడం మానేసి, స్నానం చేసి, పూలు తీసి ఇంటి గోడ మీద పెట్టి వచ్చేది. అడక్కుండానే ఇంతమంది ఇంత ఓర్చుకుంటుంటే, తాను ఆసుపత్రికి పోయి మందు వాసనతో తిరిగి రావడమా? ఆ ఆలోచనే వసంతమ్మకు తప్పుగా తోచింది.

బుధవారం నాటికి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. ఆ మధ్యాహ్నం ఆశా కార్యకర్త ఉషారాణి బీపీ పరీక్షల సంగతి చెప్పడానికి వచ్చి, సున్నం గీతకు ఇవతలే నిలబడింది. వసంతమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

ఉషారాణి గ్లాసు అందుకోలేదు. "యాలక్కా, ఎడమచేత్తో ఇస్తాండావు? నేనేమన్నా పగదాన్నా?"

"పగేందిమే! ఆ చేతికి ఆకుపాలు అంటుకోనుండాది."

"యాదీ, సూపీ."

పేలిక విప్పింది. చామనచాయ మనిషి కనుక ఎరుపు ఒక్కసారిగా కనబడదు. ఎండకు తిప్పితే చర్మం నున్నగా, నల్లెరుపుగా మెరిసింది. ఉషారాణి తన వేళ్ళ వెనకపక్క ఆనించి చూసింది. మణికట్టు దాకా పెనంలా కాలుతోంది, ఆ పైన చల్లగా ఉంది.

"బొటనేలు ముడుసు."

ముడుచుకోలేదు.

"అక్కా, పైకి ఇంత బొక్కే. లోపల ఎంత దిగిందో, ముక్క యాడ ఇరుక్కోనుండాదో నీకు తెల్సా, నాకు తెల్సా? ఈపొద్దే పుంగనూరికి పో. టీటీ సూది ఏయించుకో, మాత్రలు రాపించుకో."

"పోతాలే. శనివారం."

"శనివారం దాకా నీ పురుగులు ఆగుతాయి. నీ చెయ్యి ఆగుతాదా?"

"కట్టు కడితే మందు వాసనొస్తాది. ఆ చేత్తో ఆకెట్లేసేది చెప్పు? రెండు దినాలు. పండినాయంటే నేను నీ మాటే ఇంటా."

ఉషారాణికి కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. సంచిలోంచి నీలం పెన్ను తీసి, వేడి ఆగిన చోట మణికట్టు చుట్టూ గీత గీసింది. "ఇదో సూడు. ఈ ఎరుపు ఈ గీతను దాటినా, చలిజ్వరం వచ్చినా, ఏలు మొద్దుబారినా, ఇంక పుంగనూరు మాటే వద్దు. నేరుగా మదనపల్లె పెద్దాసుపత్రికి, ఎమర్జెన్సీకి. పొద్దుందా, మునిగిందా అని సూడొద్దు. ఆ గాజులు కూడా ఇప్పుడే తీసెయ్. వాపు పైకొస్తే బిగుసుకుంటాయి."

గాజులు పనికి అడ్డం రాకుండా మోచేతి కిందికి ఎగదోసి ఉన్నాయి. వసంతమ్మ వాటిని లాగి చూసింది. వాచిన చేతిమీదుగా అవి రావు.

"పగలగొట్టాల. మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా చేతులారా గాజులు పగలగొట్టుకుంటారామే ఎవురన్నా?"

ఉషారాణి మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు వసంతమ్మ చూసుకుంది. ఎరుపు ఆ గీతను దాటింది. నీలం సిరా వాపు మధ్యలో పడిపోయి, అంతకు పైన రెండు వేళ్ళ మేర చర్మం మెరుస్తోంది. లోపల షెడ్డులో వేల పురుగులు ఆకు తింటున్న చప్పుడు సన్నని వానలా వినబడుతోంది. రేపటికి ఈ వాన ఆగిపోతుంది. ఒక్క రేపు.

షెడ్డులో వేడీ తేమా రాసే నోటుపుస్తకానికి దారంతో కట్టిన పెన్ను ఉంది. దాన్ని ఎడమచేత్తో తీసుకుంది. గాజులను ఒక్కొక్కటిగా పైకి నెట్టి, వాటి కింద వంకరగా ఇంకో గీత గీసుకుంది. మళ్ళీ గాజులను ఆ గీత మీదికి దించింది.

"తల్లీ, దీన్ని దాటనీకు. శనివారం నీ గుడికొచ్చి దీపం పెడతా."

దేవుడితో బేరమాడే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. ఆ పొద్దు ఆడింది.

సాయంత్రం ఉషారాణి ఫోన్ చేసింది. "అక్కా, గీత దాటిందా?"

"లేదమ్మా," అంది వసంతమ్మ, గాజుల వైపు చూస్తూ.

కుప్పంలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు కీర్తన వీడియో కాల్ చేస్తే, ఫోన్ ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. "ఏమ్మా, మొకం అట్లుండాది?" అని కీర్తన అడిగింది. "నిద్ర లేదు కదా నాయనా, పురుగులు పండేటప్పుడు ఎప్పుడుండాది నిద్ర" అని అమ్మ చెప్పింది. ఆ మాటలో అబద్ధం లేదు గానీ నిజమూ లేదు. మాట్లాడి పెట్టేశాక, రేకుల షెడ్డు వేడిలో కూర్చుని ఉండగా ఆమెకు చలి పుట్టింది. పళ్ళు టకటకలాడాయి. భర్త కొండప్ప ఆకు మోస్తూ, "ఏందిమే, వణకతాండావు?" అన్నాడు. చల్లదనానికి వేసిన తడిగోనె పక్కన కూర్చున్నానంది. ఆ మనిషి నమ్మాడు. ముప్పై ఏళ్ళుగా ఆమె చెప్పింది నమ్మడమే ఆయనకు తెలుసు. పోయి, గోనె తీసి దూరంగా పెట్టాడు.

చెయ్యి ఆడిస్తే గలగలమనే గాజులు ఆ రోజంతా చప్పుడు చెయ్యలేదు. అవి ఎక్కడివక్కడ కరుచుకుని ఉన్నాయి.

శుక్రవారం తెల్లారేసరికి షెడ్డులో వాన ఆగింది. పురుగులు మేత మాని, పసుపుపచ్చగా పండి, తల ఎత్తి ఆడిస్తున్నాయి. వాటిని ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు తట్టల మీద, అంటే చంద్రికల మీద వదలాలి. ఆలస్యమైతే ఎక్కడబడితే అక్కడ దారం కక్కి పాడైపోతాయి. కబురు పెట్టకుండానే పదిమంది వచ్చారు. ఆ ఊళ్ళో అది ముయ్యి పని. మీ ఇంట్లో పండితే మేమొస్తాం, మా ఇంట్లో పండితే మీరు రండి, అంతే. వచ్చినవాళ్ళంతా బయటే కాళ్ళు కడుక్కుని వరసగా కూర్చున్నారు. మారెమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఈసారి బంగారం మాదిరి పండినాయక్కా," అంది మారెమ్మ. "నా మనవరాలికి ఇంత రంగు వచ్చింటే పెండ్లి ఖర్చు తగ్గేది."

అందరూ నవ్వారు. వసంతమ్మ కూడా నవ్వబోయింది. కుడిచేత్తో ఒక పురుగును ఎత్తి చంద్రిక మీదికి చాపింది. ఇరవై ఏళ్ళుగా వేలసార్లు చేసిన పని. మారెమ్మ చెయ్యి టక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అక్కా… నీ చేతిలో పురుగు సచ్చిపోయింది."

వసంతమ్మ చూసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురుగు నలిగిపోయి, పచ్చని నీరు వేలి మీదుగా కారుతోంది. ఎప్పుడు నొక్కిందో ఆమెకు తెలియలేదు. ఆ తడి తగులుతున్నట్టు కూడా తెలియలేదు. కంటితో చూస్తోంది గనక ఆ వేలు తనదనుకుంటోంది.

కొండప్ప వచ్చి పేలిక విప్పాడు. బొక్క చుట్టూ చర్మం బూడిదరంగుకు తిరిగింది. ఏదో కుళ్ళిన వాసన. ఏ వాసనా రాకూడదని ఇన్ని దినాలు కాచిన షెడ్డులో మొదట వచ్చిన వాసన ఆమె చేతిదే.

మారెమ్మ వీధిలోకి పరిగెత్తి ఉషారాణిని పిలుచుకొచ్చింది. ఉషారాణి ఈసారి సున్నం గీత దగ్గర ఆగలేదు, చెప్పులతోనే తొక్కుకుంటూ లోపలికి వచ్చేసింది. అందరూ లేచి దారిచ్చారు.

"కొండప్పన్నా, ముందు ఈ గాజులు పోవాల. రక్తం ఆడటంలే."

"పగలగొట్టద్దయ్యా," అంది వసంతమ్మ. "నీకేమన్నా…"

కొండప్ప పటకారు తెచ్చి, ఆమె చేతికి తన తువ్వాలు చుట్టి, గాజు పెంకులు గుచ్చుకోకుండా ఒక్కొక్కటీ చిట్లించాడు. "నాకేమవుతాది? ఇదో, నీ ఎదురుగానే కూర్చోనుండా కదా. నన్నే సూస్తా ఉండు."

ఆరో గాజు ఊడింది. తువ్వాలు తీశారు. గాజులు కరిచిన గుంతల మధ్య వంకరగా ఒక నీలం గీత బయటపడింది. ఎరుపు దాన్నీ దాటి, చారలు చారలుగా మోచేతి వైపు ఎక్కుతోంది.

ఉషారాణి ఆ గీతను చూసింది, వసంతమ్మ ముఖం చూసింది. "ఇది నేను గీసింది కాదే."

వసంతమ్మ తల దించుకుంది. ఉషారాణి ఆమె కొంగు సర్ది, చంక కింద చెయ్యి వేసి లేపింది. "పురుగులు మేం సూసుకుంటాం, నువ్వు పోక్కా," అంది మారెమ్మ. ఊళ్ళో శివకుమార్ కారు తీశాడు. దారి పొడుగునా ఆ చేతిని కిందికి వేలాడనీయకుండా కొండప్ప తన గుండెకు ఆనించి పట్టుకున్నాడు. వసంతమ్మ అమ్మవారి పేరు ఒక్కసారే పలికింది. ఈసారి ఏదీ ఇస్తానని మొక్కలేదు.

మదనపల్లె ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సమ్మ చీటీ రాస్తూ అడిగింది. "ఎప్పుడు తగిలిందమ్మా?"

నిన్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న అంటే ఎవరూ తిట్టరు. కొండప్ప ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"సోమవారం," అంది. "పొద్దున ఏడు గంటలకు. గీత దాటింది నిన్న. చలి వచ్చింది నిన్న సాయంత్రం. నేనే ఎవురికీ చెప్పలే."

నర్సమ్మ పెన్ను అక్కడే పెట్టేసింది. లేచి వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. కుర్ర డాక్టరు. కసురుకోలేదు. కళ్ళు మూసుకోమన్నాడు. "ఇప్పుడు ముట్టుకుంటున్నాను, తెలుస్తుందా?"

"ఇంకా ముట్టుకోలేదు కదయ్యా?"

ఆయన బొటనవేలి మీదినుంచి చెయ్యి తీశాడు. మోచేతికి కాస్త పైన నల్లరంగు మార్కరుతో గీత గీశాడు. సెలైను పెట్టించి, ఆపరేషన్ గది సిద్ధం చెయ్యమని చెప్పి, కొండప్ప వైపు తిరిగాడు. "ముందు మనిషి. తర్వాత చెయ్యి. ఆ తర్వాత వేలు. ఆ వరసలో చూస్తామండీ."

కబురు విని కుప్పం నుంచి కీర్తన బస్సెక్కింది. మారెమ్మ మనవరాలు ఫోటో పంపింది. చంద్రికల నిండా పురుగులు, అప్పుడే సన్నగా దారం తీస్తున్నాయి. చూసి సంతోషిస్తుందని కొండప్ప ఫోన్ ఆమె కళ్ళముందు పెట్టాడు. వసంతమ్మ దాన్ని చూడలేదు. ఆమె కళ్ళు నల్లగీత మీదే ఉన్నాయి. ఎరుపుకూ దానికీ మధ్య మూడు వేళ్ళ జాగా.

"ఏమయ్యా."

"ఆఁ."

"ఇది దాటితే నువ్వే చెప్పు. నన్ను అడగొద్దు. నేను నిజం చెప్తానని నాకే నమ్మకం లేదు."

కొండప్ప ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, నల్లగీత పక్కన తన మూడు వేళ్ళు ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి, ఎరుపు కిందికి పాకిన మూడో వేలు తీసేసి, నర్సమ్మను పిలిచాడు.