దైవసహాయం గారి చెవులు

మొన్న ఒక షోరూములో హోమ్ థియేటర్ డెమోకి కూర్చుంటే, హెలికాప్టరు నా తల వెనక నుంచి వచ్చి మెడ మీది వెంట్రుకలు కదిలించి పోయింది. పక్కవాళ్లు కేరింతలు కొట్టారు. నాకు మాత్రం ఆ వెనక స్పీకర్ల చప్పుడు వింటే దైవసహాయం గారు గుర్తొస్తారు.

తొంభైల చివర్లో ఆయన మా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్. గుంటూరు వైపు మనిషి. చర్చిలో పాటల బృందానికి పెద్ద. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చి అక్కడే రీసెర్చ్ చేస్తున్నాను, అంటే క్యాంటీన్లో కోతలు కోస్తున్నాను. తార్నాకలో ఎవరు స్పీకర్లు కొనాలన్నా ఆయనను వెంటబెట్టుకుని పోయేవారు. ఆయన ఢమఢమలు పట్టించుకోరు. సౌండు బాగా తగ్గించి, మనుషులు మాట్లాడుకునే చోటు పెట్టించి, స్పీకర్లకు వీపు తిప్పి కూర్చునేవారు. "అరిపిస్తే ఏ డబ్బా అయినా బాగానే ఉంటుందయ్యా. గుసగుసలో తెలుస్తుంది దాని సంగతి" అనేవారు. నాకు వినడం నేర్పింది ఆయనే. బదులుగా నేను ఆయన పేరు పెంచాను. "గంత దూరంల మౌలాలి గుట్ట మీద ఎవడన్న తుమ్మితే, మా సార్ గీడ రుమాలు తీస్తడు" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. సగం మంది నమ్మారు కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎకనామిక్స్ ప్రొఫెసర్ గారింట్లో ఆయన ఎంచిన ఐదు స్పీకర్లు బిగించాం. ప్రొఫెసర్‌ది అనంతపురం. ఇరుగుపొరుగును పిలిచి టీలు ఇప్పించాడు. పెట్టిన సినిమాలో వాన మొదలైంది. దైవసహాయం గారు కళ్లు మూసుకుని, "వెనకనుంచి చినుకులు చక్కగా పడుతున్నాయి" అన్నారు.

వెనక స్పీకర్లలో ఉలుకూ పలుకూ లేదు. వాటి వైరు తగిలించడం నేనే మరిచాను.

"ఏమప్పా, ఎనకాల నాకేం వినపడ్లేదే?" అన్నాడు ప్రొఫెసర్.

గదంతా దైవసహాయం గారి వైపు తిరిగింది. నేను ఒక్క గంతులో అందుకున్నాను. "కొత్తవి కద సార్, గొంతు విప్పాలంటే టైం పడ్తది. మా సార్ చెవికైతే అప్పుడే అందుతున్నది" అంటూ సోఫా వెనక దూరి వైరు తగిలించాను. వాన వెనక కూడా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రొఫెసర్ గారింటి నుంచి క్యాంపస్ గేటు దాకా ఇద్దరం నడిచి వచ్చాం. గేటు దగ్గర ఆయన ఆగి, "మొదట్లో వెనకవి మోగాయా?" అన్నారు.

"మోగలే సార్."

ఆయన నా మొహంలోకి చూశారు. చూస్తున్నది నా పెదవులనని అప్పుడు తెలిసింది. "నిజమే చెప్పావు. అబద్ధమైతే ఇంత పొట్టిగా చెప్పవు నువ్వు" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. "ఏడాదయిందయ్యా. ముందు చర్చిలో సన్న గొంతులు వినపడకుండా పోయాయి. ఒప్పుకుందామనే అనుకున్నా. ఈలోగా నువ్వు నన్ను మౌలాలి గుట్ట మీదికి ఎక్కించి కూర్చోబెట్టావు. దిగేదెట్టా?"



మరుసటి ఆదివారం ఆయనే బృందం ముందు నిలబడి, తనకు వినపడటం లేదని చెప్పి తప్పుకున్నారట. స్పీకర్ల కోసం వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపేవారు. నేను ఎదురైతే దూరం నుంచే చెయ్యి ఊపేవారు. దగ్గరికొస్తే మాట్లాడాల్సి వస్తుందని.

నాకు కోతలు ఇప్పటికీ పోలేదు. కానీ ఎవరింట్లోనైనా స్పీకర్లు ఎంచడానికి వెళితే, ముందు ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుని, "వినపడుతోందా అండీ?" అంటాను. కొందరు నా మాట పూర్తి కాకముందే "ఆఁ, ఆఁ, బ్రహ్మాండం!" అంటారు. ఆ తొందర నాకు తెలుసు. టీవీ ఆపి, వాళ్లకు ఎదురుగా జరిగి, మెల్లగా మళ్లీ అడుగుతాను.