డోలక్ మోగని సైకిలు

మొన్న గిద్దలూరు నుంచి మా చెల్లెలు వచ్చింది. కాఫీ తాగి ఊరికే కూర్చోకుండా మా మనవరాలి సైకిలు తీసి, మార్కాపురంలో మా వీధంతా ఒక చుట్టు తొక్కింది. యాభై దాటిన మనిషి. కంకర కుప్ప, దాని పక్కన పడుకున్న గేదె, ఎదురుగా ఆటో. వాటి మధ్య నుంచి కాలు కింద పెట్టకుండా వచ్చేసింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది.

ఈ మంట ఇవాళ్టిది కాదు. మేం రాచర్ల దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. పక్క ఊరి చర్చిలో ఆదివారాలు మా నాయన డోలక్ వాయించేవాడు. ట్రాక్టరు మీది నుంచి పడి మోకాలు దెబ్బతిన్నాక సైకిలు తొక్కలేకపోయాడు. పెద్దదాన్నని సైకిలు ముందు నాకే నేర్పాడు. కానీ చర్చికి వెళ్లేటప్పుడు మాత్రం డోలక్ ఒళ్లో పెట్టుకుని చెల్లెలి వెనక క్యారియర్ మీద కూర్చునేవాడు. బండి మెల్లగానే పోయేది, అమ్మా నేనూ వెనకే నడిచేవాళ్లం. రాళ్లు తేలిన ఆ దారిలో కూడా డోలక్ కిక్కురుమనేది కాదు. గుంత ఇంకా దూరంగా ఉండగానే చెల్లెలు తొక్కడం ఆపేది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకునేది కాదు, ఒంటిని కాస్త వంచి బండిని పక్కగా పోనిచ్చేది. ఇదంతా నాకెలా తెలుసంటే, వారం వారం దాని వీపే చూస్తూ నడిచాను కనుక. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ఏవేవో కోరుకుంటుంటే నేను ఒక్కటే అడిగేదాన్ని, ఒక్క ఆదివారం నాయన నా వెనక ఎక్కాలని.

ఎక్కాడు. చెల్లెలికి జ్వరం వచ్చింది. దేవుడు నా మొర ఆ రూపంలో విన్నందుకు నేనేమీ బాధపడలేదు. బండి బాగానే కదిలింది. దుప్పటి కప్పుకుని గడప దగ్గర నిలబడిన చెల్లెలు చూస్తోందా లేదా అని వెనక్కి తిరిగాను. మెడతో పాటు హ్యాండిలూ తిరిగింది. సర్దుకునేలోపు మలుపులో గొర్రెల మంద. బెల్లు కొడితే అవి బెదిరి దారంతా పరుచుకున్నాయి. ఒక పొట్టేలును తప్పించాలని దాన్నే చూస్తూ తిప్పాను, తిన్నగా దాని మీదికే పోయాను. నాయన మంచి కాలు ఆనించి నిలదొక్కుకున్నాడు. డోలక్ మాత్రం దబదబా దొర్లింది, ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికొచ్చింది.

నాయన డోలక్ మీది దుమ్ము దులుపుతూ నెమ్మదిగా అన్నాడు. "పొట్టేలు సంగతి తర్వాత. ఇంటి కాడ నుంచి నువ్వు చెల్లెల్నే చూస్తాండావు. కన్ను యాడుంటే బండి ఆడికే పోతాదమ్మా."

నాయన ఇక నా వెనక కూర్చోడనుకున్నాను. ఎక్కాడు. చర్చి దాకా ముందుకే చూసి తొక్కాను. డోలక్ దారి పొడుగునా మోగుతూనే ఉంది. మరుసటి ఆదివారం మళ్లీ చెల్లెలి వెనకే.

మొన్న సైకిలు గోడకు ఆనించి వచ్చిన చెల్లెలికి ఆ సంగతి గుర్తుచేశాను. అది కొంగుతో చెమట తుడుచుకుంటూ అంది.

"ఆ పొద్దు నాయన నీ ఎనక ఎక్కినాడని గడప కాడ ఏడ్చినా అక్కా. డోలక్ కింద పడిన చప్పుడు ఇనపడినాకనే పోయి పడుకున్నా."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నాయన పోయి ఏళ్లయింది. అన్ని ఆదివారాలు నేను దాని వీపు చూస్తూ నడిచాను, అది నా వీపు చూసింది ఒక్క ఆదివారమే. ఆ ఒక్క ఆదివారం మంటే దానికి ఇన్నేళ్లు సరిపోయింది.