డిస్కంబాబ్యులేట్ అనగానేమి?

డిగ్రీ కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఇంగ్లీషు మాట ఎంత పొడుగ్గా ఉంటే, దాన్ని వాడినవాళ్లకు అంత తెలివి ఉన్నట్టు లెక్క. అందుకే మంచిర్యాలలో ఓ ప్రైవేటు స్కూలువాళ్లు ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమనగానే, డిక్షనరీ అంతా గాలించి 'డిస్కంబాబ్యులేట్' అనే మాటను పట్టుకొచ్చాను. మనిషిని తికమకపెట్టి, ఎక్కడున్నాడో ఏం చేస్తున్నాడో తోచకుండా చేయడమని దాని అర్థం. (కన్ఫ్యూజ్ అంటే సరిపోయేది. కానీ అది అందరికీ తెలుసు కదా!) అప్పటికే రెండు స్కూళ్లవాళ్లు 'కబురు చేస్తం' అని పంపేసి ఊరుకున్నారు. ఇదీ పోతే సుల్తానాబాద్‌లో మా మేనమామ ఎరువుల దుకాణంలో కూర్చోవాల్సిందేనని బాపు తేల్చేశాడు. యూరియా బస్తాల మధ్య నన్ను నేను ఊహించుకుంటేనే ఏడుపొచ్చేది.

ఏడో తరగతి. వెనక బెంచీలో కరస్పాండెంట్ సారు, చేతిలో చాయ్ గ్లాసు. ఆ మాట రాసేసరికే సగం బోర్డు అయిపోయింది. అర్థం చెప్పాను. ముందు వరుసలో రెండు జడల పిల్ల వెంటనే లేచి, "ఆగమాగమన్నట్టా టీచర్?" అంది. నిజానికి పాఠం అక్కడితో అయిపోయింది. నేను ఊరుకుంటేగా! అంత పొడుగు మాటకు ఇంత తేలికైన అర్థమా అని మనసొప్పక, "కాదమ్మా, అంతకంటే ఎక్కువ" అన్నాను. ఎంత ఎక్కువో నాకూ తెలియదు. ఇక చూడండి, క్లాసులో వేలంపాట మొదలైంది. "పరేషానా టీచర్?" "గాబరానా?" "మా అమ్మమ్మోళ్లది ఆదిలాబాద్ దిక్కు టీచర్, ఆమె మరాఠీల గోంధళ్ అంటది, గట్లనా?" ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాను. ఊపేకొద్దీ ఆ మాట అర్థం నాకే జారిపోసాగింది.

వాక్యంలో వాడమంటే కాస్త అణుగుతారనుకున్నాను. ఆ కష్టం పగవాళ్లకు కూడా వద్దు. "మా నాయనమ్మ అద్దాలు నెత్తి మీద వెట్టుకొని ఇల్లంత దేవులాడుతది టీచర్." అది మతిమరుపు అన్నాను. "మా మేక బరాతు చప్పుడుకు బెదిరి..." మేకల సంగతి వద్దన్నాను. కిటికీ పక్క పిల్లాడు నింపాదిగా లేచాడు. "మా బాపు బాయిల నైట్ షిఫ్ట్ చేసొచ్చి పండుకుంటడు టీచర్. పొద్దుగూకంగ లేసి, తెల్లారిందనుకొని పండ్లపొడి తెమ్మంటడు. గదేనా?" మా బాపు కూడా బొగ్గుబాయి మనిషే. ఈ తంతు మా ఇంట్లో ఎన్నిసార్లు చూశానో! అయినా డిక్షనరీలో ఉదాహరణ ఎవరో దొరగారి విందు గురించి ఉంది కాబట్టి, "కాదు, కూర్చో!" అని కసిరాను. వాడు కూర్చోలేదు. "మరేంది టీచర్ గది?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందో నాకేం తెల్సు! జర ఊకుండ్రి, ఎందుకు సతాయిస్తున్నరు నన్ను?" అని అరిచేశాను.

అప్పుడే గంట కొట్టారు. కనీసం గౌరవంగా బయటపడదామని డస్టర్‌ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, తలుపు అనుకుని అల్మారా తెరిచి ఒక కాలు లోపల పెట్టాను. చుట్టలు చుట్టిన మ్యాపులన్నీ నెత్తిన పడ్డాయి. అంతే, క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో, ఒక్క అక్షరం తడబడకుండా, "టీచర్ డిస్కంబాబ్యులేట్ అయింది!" అని అరిచింది.

యూరియా వాసన ముక్కుకు తగిలినట్టే అయింది. కరస్పాండెంట్ సారు చాయ్ పొలమారి దగ్గుతూ లేచాడు. "గీ మాట ఇగ వీళ్లు సచ్చేదాక మరువరమ్మా. సోమవారం కెల్లి డ్యూటీకి రా. డస్టర్ మాత్రం ఈడ వెట్టి పో" అన్నాడు. అలా నాకు ఉద్యోగం వచ్చింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ నిద్రపోయాను. మెలకువొచ్చేసరికి కిటికీలో లేత వెలుగు. స్కూలుకు ఆలస్యమైందని హడావుడిగా మొహం కడుక్కుని, చీర మార్చుకుని, బ్యాగు భుజాన వేసుకుని గడప దాటుతుంటే నా బిడ్డ వింతగా చూసింది. "ఎటు వోతున్నవమ్మా? పొద్దుగూకుతుంది గదా!" గడప మీదే కూలబడి నవ్వుకున్నాను. కిటికీ పక్క ఆ పిల్లాడికి ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి, ఎక్కడున్నాడో ఏమో. నా కళ్లలో మాత్రం వాడింకా అలాగే నిలబడి ఉన్నాడు. "నువ్వు చెప్పింది కరెక్టే బిడ్డా, ఇగ కూసో" అన్నాను వాడితో.