కూనిరాగం మందు

గడియారాలు బాగుచేసే ఆయనది అగ్గిపెట్టెంత కొట్టు. అందులో ఆవగింజంత మరలు. గట్టిగా ఊపిరి వదిలితే మర ఎగిరిపోతుంది, ఇక పూటంతా నేల మీద పాకుతూ వెతుక్కోవాలి. అందుకే కంటికి భూతద్దం తగిలించగానే ఊపిరి బిగబట్టడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు.

ఈమధ్య ఛాతీ పట్టేసినట్టుంటోంది, మనసులో ఊరికే గాభరా. ఊపిరితిత్తులు పాడైపోయాయని తనకు తానే తీర్పు చెప్పుకుని, మొహం వేలాడేసుకుని, భార్యతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ గొట్టంలో ఊదించింది, ఎక్స్‌రే చూసింది. ఏ లోపమూ లేదు. ఏం పని చేస్తారని అడిగి, ఆగిపోయిన తన చేతిగడియారం ఆయన ముందు పెట్టింది.

"ఇది కాస్త చూడండి."

ఆయన జేబులోని పనిముట్టుతో మూత విప్పి, మర ఒకటి ఊడదీసి బల్ల మీద పెట్టి, వంగాడు.

"నలభై సెకన్లయింది. ఊపిరి తీసుకోండి బాబూ, నాకు భయమేస్తోంది!" అంది డాక్టరమ్మ. "ఇకమీదట కూనిరాగం తీస్తూ పనిచెయ్యండి. ఊపిరి నింపాదిగా నడిస్తే మనసూ దాని వెనకే నడుస్తుంది."

"మర ఎగిరిపోతే?"

"నోరు మూసుకునే తియ్యండి. ఇంట్లో కూడా ఇలాగే బిగబడతారా?"

ఆయన నేలచూపులు చూశాడు. "మా ఆవిడ కోప్పడేటప్పుడు..."

భార్య నడుమున చేతులు పెట్టుకుంది. "ఓహో! ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా నా మాట వింటున్నారని మురిసిపోయానే!"

ఆయనకు నవ్వు ఆగలేదు. ముప్పై ఏళ్లుగా దాచుకున్న గాలంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బల్ల మీది మర ఎగిరి ఎటో పోయింది.

ముగ్గురూ నేల మీద పాకుతూ వెతికారు, ఆయన కూనిరాగం తీస్తూ.