మెట్లు దిగిన పదో తరగతి

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో లిఫ్టు తలుపు తెరుచుకుని, చక్రాల కుర్చీలో ఒక బడిపిల్ల బయటికొచ్చింది. వెనక వాళ్ళమ్మ. "సోషల్ నోట్స్ బ్యాగుల పెట్టుడు నువ్వే మర్చిపోయినవ్, మళ్ళ నన్నంటవేంది?" అని ఆ పిల్ల అమ్మ మీద ఎగురుతోంది. జనం కాస్త పక్కకు జరిగారే తప్ప ఎవరూ తల తిప్పి చూడలేదు. నేను మాత్రం ఎక్కాల్సిన రైలు వదిలేసి నిలబడిపోయాను. ఆ గొంతు అచ్చం మా అక్క గొంతే.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. అమీర్‌పేటలో ఒకే ఇంట్లో కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. తను నాకంటే రెండు క్లాసులు పెద్ద. చిన్నప్పటి నుంచీ తన కాళ్ళలో పట్టు లేదు, నోరు మాత్రం గట్టిది. నాకు కాళ్ళున్నాయి గానీ నోరు లేదు. ఎవరైనా పేరడిగితే పెద్దమ్మ కొంగు వెనక్కి పోయేదాన్ని. నా మాటలన్నీ డైరీలోనే.

మా బడి ఒక సందులో, అపార్ట్‌మెంటు లాంటి ఇరుకు బిల్డింగ్‌లో ఉండేది. ఆటస్థలం అంటే పార్కింగే. అలాంటి బళ్ళలో ఒక అలవాటు ఉంటుంది: పిల్లలు పెద్దయ్యే కొద్దీ పై అంతస్తుకు పోతారు. నర్సరీ, ఒకటి, రెండు కింద. పదో తరగతి అన్నిటికంటే పైన. పైకి పోవడమంటే మాకు పరీక్ష పాసవడం కంటే గొప్ప. అప్పుడే లేస్తున్న మెట్రో స్తంభాలు పైన పిట్టగోడ నుంచి పంజాగుట్ట దాకా వరసగా కనబడతాయని పెద్ద క్లాసుల వాళ్ళు మమ్మల్ని ఊరించేవాళ్ళు.

అక్క ఆ అంతస్తులన్నీ పెద్దనాన్న వీపు మీదే ఎక్కింది. ఆయన ఆటో నడిపేవాడు. పొద్దున మోసుకెళ్ళి కూర్చోబెట్టి, సాయంత్రం వచ్చి దించేవాడు. తను తొమ్మిదో తరగతి పూర్తిచేసే సమయానికి ఆయన నడుం పట్టేసింది. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. బడి వాచ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి చక్రాల కుర్చీతో సహా ఎత్తుకుపోతామన్నారు. అక్క ససేమిరా అంది. "గ్యాస్ బండ లెక్క మోస్తరా నన్ను? జారితే ఎవరు జిమ్మేదార్?"

ఎండాకాలం సెలవుల్లో మా ప్రిన్సిపాల్ పెద్దమ్మను పిలిపించాడు. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళు. కోస్తా మనిషి, మాట మెత్తన. పెద్దమ్మ వెంట నేనూ వెళ్ళాను.

"పాపకి ఎందుకమ్మా ఇంత శ్రమ? ఇంటి దగ్గర చదివించండి. ప్రైవేటుగా పరీక్ష రాయిద్దాం."

పెద్దమ్మ తన కుర్చీ ముందుకు జరుపుకుంది. "మా తమ్మునికి సుత గిట్లనే చెప్పిన్రు సార్. పోలియో కాలుతోని బడెందుకు, ఇంట్ల చదువుకోమన్నరు. గిప్పటికీ ఇంట్లనే ఉన్నడు. చదువే రాలే."

ఆమె చెప్పింది నిజం. దుకాణం బోర్డు చదవమంటే మామ నవ్వేసి తప్పించుకునేవాడు. ఆయన రోజుల్లో బడి వద్దంటే అడిగే దిక్కు లేదు. మా రోజులకు చట్టం వచ్చింది. ఇలాంటి పిల్లలు కూడా అందరితో పాటు బడిలోనే చదవాలని అందులో ఉందట. పేపర్లో చూసి అక్కకు చెప్పింది నేనే. కానీ చట్టంలోని మాట మా బడి మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయింది.

జూన్‌లో బడి తెరిచారు. గేటు దగ్గరి ఒక్క మెట్టుకు పెద్దనాన్న ఏటవాలుగా చెక్క వేశాడు. దాని మీదుగా లోపలికొచ్చి, అక్క మెట్ల మొదట్లో కుర్చీ ఆపుకుంది. పక్కనే పెద్దసారు గది. పైన హాజరు మొదలైంది. ఆ మెట్ల దారి బావి లాంటిది, పై మాట కిందికి ఖంగుమని వినబడేది. లెక్కల టీచరు అక్క పేరు పిలిచి తర్వాతి పేరుకు పోబోతుంటే, కింది నుంచి "ప్రెజెంట్ టీచర్!" అని బిల్డింగంతా మోగింది.

టీచరు పైనుంచి వంగి చూసింది. "ఏందే, గాడ కూసున్నవ్?"

"క్లాసులనే ఉన్న టీచర్. జర గట్టిగ చెప్పుండ్రి!"

ఆమె నిజంగానే గట్టిగా చెప్పింది. అక్క కింది నుంచే జవాబులు చెప్పింది. రెండు రోజులు గడిచేసరికి నర్సరీ పిల్లలకు ఇది ఆటయిపోయింది. పైన ఎవరి పేరు పిలిచినా కింద వాళ్ళంతా "ప్రెజెంట్ టీచర్" అని అరిచేవాళ్ళు. పదో తరగతి హాజరు గల్లంతయింది. పైగా అడ్మిషన్ల కాలం. పెద్దసారు గదిలోకి వెళ్ళబోయే ప్రతి తల్లీ తండ్రీ అక్క దగ్గర ఆగి, ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగేవాళ్ళు. "మా క్లాసు పైనుంది ఆంటీ" అనేది అక్క, ఎంతో మర్యాదగా.

ఇంటర్వెల్‌లో తన పక్కన మెట్టు మీద కూర్చుని, "నిన్ను ఇంటికి పంపిస్తే?" అని అడిగాను.

"పంపిస్తే మామ పక్కన కూసుంట" అంది. ఆ ఒక్కసారే తన మొహంలో నవ్వు లేదు.

వారం తిరక్కముందే పెద్దసారు బయటికొచ్చాడు. "ఏంటమ్మా ఈ గోల? పదో తరగతికి నిశ్శబ్దం కావాలనే కదా పైన పెట్టాం. ఇప్పుడేం చెయ్యమంటావ్, మెట్లు తీసెయ్యనా?"

"మెట్లు ఉండనీయుండ్రి సార్. నాకు నడిచే కాళ్ళు లేవు. పైన క్లాసుకు మస్తున్నయ్. వాళ్ళనే దిగమనుండ్రి."

పైన ఎవరో పక్కున నవ్వారు. పెద్దసారు తలెత్తి పైకి చూసేలోపే లెక్కల టీచరు చాక్‌పీసుల డబ్బాతో మెట్లు దిగింది. గొంతు బొంగురుపోయింది. "నాతోని గాదు సార్. ఇంకొక్క దినం ఒర్లితే గొంతే పోతది. పిల్లల్ని తీస్కొస్తున్న." ఆమె వెనకే పదో తరగతి దిగింది. బ్యాగులు, బెంచీలు మోసుకుంటూ, గోలగోలగా, పెళ్ళివారు దిగినట్టు. నర్సరీ పిల్లలు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

"పిట్టగోడ పాయె" అని ఒకబ్బాయి గొణిగాడు.

"ఎండ సుత పాయె, కూసో" అంది అక్క.

అడ్మిషన్ కోసం వచ్చిన ఒకాయన "మంచి పని చేశారండీ" అని మెచ్చుకున్నాడు. పెద్దసారు చొక్కా సర్దుకుని, "ఈ ఏడాది నుంచి ఇలాగే పెట్టామండీ" అన్నాడు. గోల విని మా క్లాసులోంచి మెట్ల మీదికొచ్చిన నేను కూడా చప్పట్లు కొట్టాను, గట్టిగా, అందరికీ కనబడేలా.

గది ఖాళీ చేసిన రెండో తరగతి పిల్లలు పైకి పోయారు. ఒక్క దెబ్బకు పదో తరగతి అయిపోయామనుకుని, మధ్యాహ్నం అన్నానికి కూడా దిగలేదు. ఆ ఏడు పెద్దసారు భయపడినట్టు రిజల్టేమీ పడిపోలేదు. అక్క తన క్లాసు మధ్యలో కూర్చుని, పక్కవాళ్ళతో పోట్లాడుతూ చదివి పాసయింది. ఇప్పుడు పంజాగుట్టలో ఒక ఆఫీసులో పని చేస్తోంది. అక్కడ కూడా మీటింగ్‌లో తన మాటే ముందు వినబడుతుందట.

మా పక్కింటి పాప ఇప్పుడు ఆ బడిలోనే చదువుతోంది. పదో తరగతి కింద ఎందుకుందో తెలుసా అని నిన్న అడిగాను. నన్ను వింతగా చూసి, "పదో తరగతి ఎప్పుడూ కిందనే ఉంటది గదక్కా" అంది. కథంతా చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మానుకున్నాను. మా ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేసిన గొడవను ‘ఎప్పుడూ ఇంతే’ అనిపించడానికి కాలానికి పట్టుమని పదిహేనేళ్ళు కూడా పట్టలేదు.